ఆ కుర్చీ నాదన్నా!

పొద్దున లైబ్రరీ తాళం తీయకముందే గేటు ముందర జమయ్యే పిల్లల్ని మీరు చూసే ఉంటారు. జనగామైనా, మానుకోట అనే మహబూబాబాదైనా, భూపాలపల్లైనా అదే వరస. వీపుకు బ్యాగు, ఒక చేతిలో నీళ్ల సీసా, ఇంకో చేతిలో అన్నం డబ్బా. తాళం తీయడమే ఆలస్యం, లోపలికి ఉరుకుతారు. ఫ్యాను కింది కుర్చీ ఒకరిది, ప్లగ్గు పక్క కుర్చీ ఇంకొకరిది. ఇంకా రాని దోస్తు కోసం ఒకరు పక్క కుర్చీ మీద కరెంట్ అఫైర్స్ పుస్తకం పెడతారు. కాసేపటికి మొదటి మాట లేస్తుంది.

"మనిషి లేడు, పుస్తకం ఒక్కతే చదువుకుంటదా అన్నా?"

"మావోడు చాయ్ తాగవోయిండు. ఇప్పుడే వస్తడు."

"గంటసేపటి నుంచి చూడవడితి. ఏడ తాగుతుండు, హైదరాబాద్లనా?"

చుట్టూ ఉన్న నలుగురు నవ్వుతారు. అసలు గొడవ ఆ నవ్వుతోనే మొదలవుతుంది. అప్పటిదాకా అది కుర్చీ గురించిన మాట. నలుగురు నవ్వాక పరువు గురించిన మాట అయిపోతుంది. కుర్చీ ఈడ్చిన చప్పుడు, "ఆ కుర్చీ నాదన్నా!" అనే కేక, పుస్తకం కింద పడ్డ చప్పుడు. అప్పుడు రిజిస్టర్ ముందు కూర్చున్న లైబ్రేరియన్ లేవాలి. ఆ లేచే మనిషి గురించి, లేచాక చేయాల్సిన పని గురించి ఇవాళ మీతో కాసేపు మాట్లాడాలని ఉంది.

ముందే ఒక సంగతి చెప్పేస్తాను. లైబ్రరీలో కనిపించే తగాదాల్లో చాలా వరకు చెడ్డ మనుషుల వల్ల వచ్చేవి కావు, కొరత వల్ల వచ్చేవి. కుర్చీ కొరత, ప్లగ్గు కొరత, పేపరు కొరత, వీటన్నిటి వెనక ఉద్యోగాల కొరత. కోపంతో వచ్చిన మనిషికి ఏదో ఒకటి కావాలి, అది దొరకలేదు. కాబట్టి అతను చేస్తున్న పనిని ఆపడం మన మొదటి పని. అతన్ని బయటికి పంపడం, ఇంకే దారీ మిగలకపోతేనే. నా మాటంతా దీని చుట్టే తిరుగుతుంది.

మొదట చెప్పిన ఆ మూడు ఊళ్లనే ఎందుకు తీసుకున్నానంటే, 2016 అక్టోబర్ 11న ఇవి జిల్లా కేంద్రాలయ్యాయి. అంతకుముందు ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఉండేవి. జిల్లా కావాలని జనగామ జనం ఎంత కొట్లాడారో మీకు గుర్తుండే ఉంటుంది. జిల్లా వచ్చింది, కలెక్టరేట్ వచ్చింది, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు వచ్చాయి. చుట్టుపక్కల మండలాల పిల్లలకు హనుమకొండ దాకా పోయే పని తప్పింది. దేవరుప్పుల, కొడకండ్ల, బచ్చన్నపేట పిల్లలు జనగామకు వస్తారు. గూడూరు, కొత్తగూడ, గంగారం, బయ్యారం వైపు గూడేల నుంచి, తండాల నుంచి మానుకోటకు వస్తారు. రేగొండ, చిట్యాల, మొగుళ్లపల్లి వాళ్లు భూపాలపల్లి బస్సెక్కుతారు. అక్కడ సింగరేణి గనుల కుటుంబాల పిల్లలు, చెల్పూరు కరెంటు ప్లాంటు కుటుంబాల పిల్లలు ఉండనే ఉన్నారు. నైట్ షిఫ్టు చేసొచ్చిన నాయిన ఇంట్లో పడుకుంటే, రెండు గదుల క్వార్టర్లో చదువు సాగదు కదా. పిల్లలకు మిగిలిన చోటు లైబ్రరీయే.

ఒకప్పుడు లైబ్రరీ అంటే పేపరు చూసే పెద్దమనుషులు, వారపత్రిక తిరగేసేవాళ్లు, నవల ఇంటికి తీసుకుపోయేవాళ్లు. ఇప్పుడు వాళ్ల పక్కనే పన్నెండు గంటలు కూర్చునే కొత్త పాఠకులు వచ్చారు. వాళ్లకు అలమారాలోని పుస్తకంతో పెద్దగా పని లేదు, తమ పుస్తకాలు తామే తెచ్చుకుంటారు. కుర్చీ, వెలుతురు, గాలి, నిశ్శబ్దం కావాలి. ఇది తప్పు వాడకం అనేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. చదువుకునే చోటు ఇవ్వడం కూడా లైబ్రరీ పనే. కాకపోతే ఇద్దరికీ కట్టిన గది ఒక్కటే, చిక్కంతా అక్కడ వస్తోంది.

ఆ పిల్లల కోపం లోతు తెలియాలంటే గ్రూప్-1 సంగతి ఒకసారి తలుచుకోండి. తెలంగాణ వచ్చాక మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో, 503 పోస్టులతో వచ్చింది. అక్టోబర్ 16న ప్రిలిమ్స్ రాశారు. పేపర్ల లీకేజీ బయటపడి 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయింది. జూన్ 11న మళ్లీ రాశారు. సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్ 9న మూడోసారి ప్రిలిమ్స్, అక్టోబర్‌లో మెయిన్స్. ఒకే ఉద్యోగం కోసం మూడుసార్లు ప్రిలిమ్స్ రాసిన పిల్ల మీ ఎదురు కుర్చీలో కూర్చుని ఉందనుకోండి. ఆమెకు ఇంట్లో పెళ్లి సంబంధాలు చూస్తున్నారు, హాస్టల్ ఫీజు కట్టాలి, వయసు దాటిపోతోంది. పక్కనున్న అబ్బాయి ఫోన్లో వీడియో చప్పుడు పెట్టాడు. ఆ పిల్ల అరిచిందంటే ఆ అరుపు ఆ ఒక్క వీడియో మీదది కాదు. ఈ సంగతి తెలిసిన లైబ్రేరియన్, తెలియని లైబ్రేరియన్ అదే పిల్లతో వేరువేరుగా మాట్లాడతారు.

సరే, కుర్చీ తగువు దగ్గరికి వద్దాం. లేచిన లైబ్రేరియన్ ముందుగా ఏం చేయాలి?

చాలామంది చేసే పని, కూర్చున్నచోటు నుంచే గట్టిగా అరవడం. "ఏయ్, ఏంది లొల్లి? బయటికి నడువుండ్రి ఇద్దరు." హాలంతా తలెత్తి చూస్తుంది. ఆ ఇద్దరిలో ఎవరూ ఇక తగ్గలేరు, ఎందుకంటే తగ్గడాన్ని చూసే జనం అప్పుడే తయారయ్యారు. బాగా చేసేవాళ్లు వేరే తీరుగా చేస్తారు. దగ్గరికి నడిచి వెళ్తారు, హడావుడి లేకుండా. ఎదురుగా ఛాతీ ఆనేలా నిలబడరు, కొంచెం పక్కకు, చేయి చాపితే అందనంత దూరంలో నిలబడతారు. చేతులు కనిపించేలా ఉంచుతారు. అవతలి మనిషి గొంతుకంటే తమ గొంతు ఒక మెట్టు కింద ఉంచుతారు. పేరు తెలిస్తే పేరుతో పిలుస్తారు. "రమేషూ, జర ఇట్ల రా, మాట్లాడదం" అని వరండాలోకి తీసుకుపోతారు. ఇక్కడ రమేషంటే ఎవరైనా కావచ్చు. ఈ వరండా అనేది గొప్ప ఉపాయం. చూసేవాళ్లు లేనిచోట మనిషి సగం చల్లబడతాడు.

తర్వాత పని వినడం. మధ్యలో అడ్డుపడకుండా అతను చెప్పేదంతా వినాలి. విన్నాక అతని ఫిర్యాదును అతనికే తిరిగి చెప్పాలి: "నువ్వు ఎనిమిదింటికే వచ్చినవు, ఖాళీ కుర్చీ కనవడ్డది, కూసోనియ్యలేదు, అంతే కదా?" అవుననగానే కోపం ఒక మెట్టు దిగుతుంది. తన మాట ఇంకొకరి చెవిన పడిందని తెలియడమే దానికి కారణం. అప్పుడు రెండు దారులు చూపించాలి, రెండూ అతను ఒప్పుకోగలిగినవి కావాలి. "ఆ మూల కుర్చీ ఖాళీగ ఉన్నది, ఇప్పుడే ఇస్త. లేకపోతే పది నిమిషాలు చూద్దం, ఆ పిలగాడు రాకపోతే ఇదే నీది." ఎంచుకోవడం అతనికి వదిలేసి, లైబ్రేరియన్ వెనక్కి తిరిగి రావాలి. నెత్తి మీద నిలబడి చూస్తే ఎవరూ కదలరు. రెండు నిమిషాలు వదిలేస్తే తన పరువు తాను చూసుకుని కదులుతారు.

కానీ ఇదంతా మంట లేచాక చేసే పని. మంట లేవకుండా ఉండాలంటే నియమం కావాలి. ఆ నియమం గోడ మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి. మనిషి లేని కుర్చీకి ఎంతసేపు ఆగాలి, అరగంటా, ముప్పావుగంటా? దాటితే పుస్తకాలు తీసి కౌంటర్ మీద పెట్టే అధికారం ఎవరిది? ప్లగ్గులు ఫోనుకా, ల్యాప్‌టాప్‌కా, ఎంతసేపు? అన్నం ఎక్కడ తినాలి? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు గోడ మీద ఉంటే, రోజూ జరిగే గొడవల్లో చాలా వాటికి లైబ్రేరియన్ గొంతు వాడనక్కర్లేదు. వేలు చూపిస్తే చాలు. ఆ నియమాలు చదువుకునే పిల్లల్ని కూర్చోబెట్టుకుని రాస్తే ఇంకా మేలు. తాము రాసిన అరగంట నియమాన్ని తమ దోస్తే దాటితే వాళ్లే చెప్పుకుంటారు.

ఒక్క షరతు: నియమం అందరికీ ఒకటే అయి ఉండాలి. కౌన్సిలర్ గారి మేనల్లుడికి ఫ్యాను కింది కుర్చీ, తండా నుంచి వచ్చిన పిల్లగాడికి గోడవార బెంచీ అయిన రోజు, గోడ మీది కాగితం చెల్లకుండా పోతుంది. పాఠకులు దాన్ని ఒక్క పూటలో పసిగడతారు.

పేపర్ల తగువు మాట రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఈనాడు ఒకరి చేతిలో గంటసేపు ఉంటే మిగతావాళ్లు నిట్టూరుస్తారు. దానికి పాత మందే ఉంది: షీట్లు విడదీసి పెట్టడం. ఒక్క పేపరు నలుగురు చదువుతారు. ఉద్యోగాల పేజీ చింపుకుపోయేవాళ్ల కోసం ఆ పేజీ ఒక్కటి జిరాక్స్ తీసి బోర్డుకు అంటించాలి. ఇక సాక్షి చదివే పెద్దాయన, నమస్తే తెలంగాణ చదివే పెద్దాయన ఎన్నికల నెలలో గొంతులు పెంచుకుంటే, వాళ్లు మాట్లాడుకోవడానికి బయట వేపచెట్టు కింద బెంచీ వేయండి. మాట్లాడుకోవడం తప్పు కాదు. ఊళ్లో పెద్దవాళ్లు కలుసుకుని మాట్లాడుకునే చోట్లు ఎన్ని మిగిలాయి గనక?

నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది మరో రకం పాఠకుడు. ఎండలు ముదిరిన మే నెలలో మధ్యాహ్నం లోపలికొచ్చి, పేపరు మొహం మీద కప్పుకుని నిద్రపోయే ముసలాయన. తనలో తాను మాట్లాడుకుంటూ అటూ ఇటూ తిరిగే నడివయసు మనిషి. సాయంత్రం మందు వాసనతో వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. వీళ్ల మీద ఫిర్యాదులు వస్తూనే ఉంటాయి. "సార్, ఆయన్ని పంపియ్యిండ్రి, వాసన వస్తాంది, చదువుకోలేక వోతున్నం."

వీళ్లను ఏం చేయాలనే ప్రశ్న మన ఒక్కరిదే కాదు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని మోరిస్‌టౌన్ లైబ్రరీ 1989లో పాఠకుల ప్రవర్తనకు నియమాలు రాసుకుంది. ఊరికే కూర్చోకూడదు, ఇతరులను తేరిపార చూసి ఇబ్బంది పెట్టకూడదు, వాసన ఇతరులకు భరించరానిదైతే బయటికి పోవాలి, ఇలాంటివి. వాటి కింద బయటికి పంపేసిన ఇల్లులేని పాఠకుడు ఒకాయన కోర్టుకెక్కాడు. 1991లో కింది కోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. 1992లో పైకోర్టు దాన్ని తిరగేసి, లైబ్రరీ అలాంటి నియమాలు పెట్టుకోవచ్చంది. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. లైబ్రరీకి వచ్చి చదువుకోవడం, సమాచారం అందుకోవడం పౌరుడికి రాజ్యాంగం కాపాడే హక్కేనంది. ఈ రెండింటినీ ఒకేసారి పట్టుకోవాలి. నియమం పెట్టుకోండి, కానీ అది ప్రవర్తన మీద పెట్టండి. చిరిగిన చొక్కా మీద, పేదరికం మీద పెట్టకండి.

శాన్‌ఫ్రాన్సిస్కో లైబ్రరీ వాళ్లు 2009లో ఇంకో అడుగు వేశారు. లైబ్రరీలోనే ఒక సోషల్ వర్కర్‌ను ఉద్యోగంలో పెట్టుకున్నారు. ఆ దేశంలో అదే మొదటిసారి. వచ్చినవాళ్లకు పడక ఎక్కడ దొరుకుతుంది, వైద్యం ఎక్కడ దొరుకుతుంది అని చెప్పడం ఆమె పని. ఇల్లినాయిలో ఇల్లులేనివాళ్ల ఆశ్రయాన్ని ఏళ్ల తరబడి నడిపిన రయన్ డౌడ్ 2018లో లైబ్రేరియన్ల కోసం ఒక పుస్తకం రాశాడు. ఆయన వాదన నాకు బాగా నచ్చింది. శిక్ష భయం పెట్టి మనుషుల్ని నడపాలని చూస్తే, పోగొట్టుకోవడానికి ఏమీ లేనివాడి మీద అది పనిచేయదు. అలాంటివాడితో గొడవ రాని రోజుల్లో రోజూ పలకరించి ఉండాలి. గొడవ వచ్చిన రోజున ఆ పలకరింపులే పనికొస్తాయి అంటాడు.

మన ఊళ్లలో సోషల్ వర్కర్ ఉద్యోగం ఇప్పుడిప్పుడే రాదు. కానీ పలకరింపుకు బడ్జెట్ అక్కర్లేదు కదా. "ఏం పెద్దయ్యా, అన్నం తిన్నవా?" అని రోజూ అడిగే లైబ్రేరియన్, ఒకరోజు ఆ పెద్దయ్య భుజం తట్టకుండానే, బల్ల మీద మెల్లగా వేలుతో కొట్టి, "పెద్దయ్యా, గురక వెడుతున్నవు, పిల్లలు సదువుకుంటాండ్లు, జర లేచి మొఖం కడుక్కరాపో" అంటే ఆయన నొచ్చుకోడు. నిద్రపోయేవాళ్లను ముట్టుకుని లేపొద్దని అంటారు కూడా. ఉలిక్కిపడ్డ మనిషి చేయి విసరవచ్చు. కుండలో మంచినీళ్లు పెట్టడం, వరండాలో నీడపట్టున ఒక బెంచీ వేయడం కూడా తగాదాలు తగ్గించే పనులే.

తాగి వచ్చినవాడితో వాదన పనికిరాదు. "ఇవాళ వద్దన్నా, రేపు పొద్దుగాల రా, నీ పేపరు తీసి పెడత" అనాలి. ఇవాళ్టికి తలుపు మూసి, రేపటికి తెరిచి ఉంచే మాట అది. తనలో తాను మాట్లాడుకునే మనిషి ఎవరినీ ఇబ్బంది పెట్టకపోతే అతన్ని అలాగే ఉండనివ్వాలి. బాధ ఎక్కువైనట్టు కనిపిస్తే ఇంటివాళ్లకు కబురు చేయాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416 ఉంది, ఏ వేళైనా చేయవచ్చు, ఉచితం. ఆ నంబరు పరీక్షలకు చదివే పిల్లలకూ అవసరమే. ఫలితాలు వచ్చిన రోజు సాయంత్రం లైబ్రరీలో ఒక మూల తల వంచుకుని కూర్చున్న పిల్లలు ఉంటారు. వాళ్లు ఎవరితోనూ గొడవ పడరు, అందుకే ఎవరి కంటా పడరు. నోటీసు బోర్డు మీద నోటిఫికేషన్ల పక్కనే ఆ నంబరు అంటించమని ప్రతి లైబ్రేరియన్‌నూ బతిమాలుతున్నాను.

ఇంతవరకు మెత్తగా ఉండమన్నాను. ఒక్కచోట మాత్రం మెత్తదనం వద్దంటాను. ఆడపిల్లల్ని తేరిపార చూసేవాడు, చీటీలు పెట్టేవాడు, ఫోటో తీసేవాడు, బస్టాండ్ దాకా వెంటపడేవాడు కొరత వల్ల తప్పు చేస్తున్నవాడు కాదు. వాడి వల్ల ఒక పిల్ల రేపటి నుంచి రాదు. ఇంట్లో కారణం చెప్పదు, చెబితే చదువు మానిపిస్తారని భయం. ఆమె రాకపోవడం ఏ రిజిస్టర్‌లోనూ ఎక్కదు. అందుకే మొదటిసారే, సూటిగా, సాక్షి ముందు చెప్పాలి: "ఇది ఇక్కడ నడవదు." రెండోసారి అయితే లోపలికి రానివ్వకూడదు. 2014 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో మొదలై రాష్ట్రమంతా పాకిన షీ టీమ్స్ ఉన్నాయి, మహిళా హెల్ప్‌లైన్ 181 ఉంది. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది ఆ పిల్ల ఇష్టాన్ని బట్టి ఉండాలి. కానీ నంబర్లు ఆమె కళ్ల ముందు ఉండాలి. ఆమెను "నువ్వు వేరే టైముకు రామ్మా" అనకూడదు. టైము మార్చుకోవాల్సింది, చోటు వదులుకోవాల్సింది ఆమె కాదు.

ఇలాంటివి జరిగినప్పుడు రాసి పెట్టుకోవడం అన్నిటికంటే ముఖ్యం. ఒక మామూలు నోటుపుస్తకం చాలు. తేదీ, సమయం, ఏం జరిగింది, ఎవరు చూశారు, మనం ఏమన్నాం. అందులో "తాగుబోతు వచ్చి లొల్లి చేశాడు" అని రాయకూడదు. "మాట తడబడింది, మందు వాసన వచ్చింది, బల్ల మీద రెండుసార్లు కొట్టాడు, పొమ్మంటే ఐదు నిమిషాలకు పోయాడు" అని రాయాలి. మన అభిప్రాయానికి పైఅధికారి దగ్గరా, పోలీసుల దగ్గరా విలువ ఉండదు. జరిగిన సంగతికి ఉంటుంది. నెల చివర ఆ పుస్తకం తిరగేస్తే ఇంకో లాభం ఉంది. గొడవలన్నీ సాయంత్రం ఐదు తర్వాతే వస్తున్నాయా, ఒక్క బల్ల దగ్గరే వస్తున్నాయా, ఒక్క ఫ్యాను చెడిపోయినందుకే వస్తున్నాయా, అన్నీ తెలిసిపోతాయి. ఫ్యాను బాగుచేయిస్తే తీరే తగాదాలు నిజంగానే ఉంటాయి.

పుస్తకం తీసుకుపోయి తిరిగివ్వనివాళ్ల సంగతి కూడా చెప్పాలి. ఆలస్య రుసుము అడిగితే కౌంటర్ దగ్గర గొంతు లేస్తుంది. షికాగో లైబ్రరీ 2019లో ఆ రుసుములు ఎత్తేసింది, న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ 2021లో ఎత్తేసింది. భయంతో ఇళ్లలో దాచుకున్న పాత పుస్తకాలు షికాగోలో కుప్పలుగా తిరిగొచ్చాయి. మన దగ్గర పూర్తిగా ఎత్తేయడం లైబ్రేరియన్ చేతిలో లేకపోవచ్చు. కానీ గ్రంథాలయ వారోత్సవాలు ప్రతి ఏడూ నవంబర్ 14న మొదలవుతాయి కదా. ఆ వారం రోజులు "ఎన్నేళ్లదైనా తెచ్చివ్వండి, ఏమీ అడగం" అని జిల్లా గ్రంథాలయ సంస్థ ప్రకటించవచ్చు. తిరిగొచ్చే పుస్తకాలతో పాటు మొహం చాటేసిన పాఠకులూ తిరిగొస్తారు.

తలుపు మూయడాన్ని చివరి పనిగా ఉంచమని నేను ఇంత పట్టుపట్టడానికి ఈ నేలకు సంబంధించిన కారణం ఒకటుంది. ఇక్కడ లైబ్రరీ తలుపు ఊరికే తెరుచుకోలేదు. 1901 సెప్టెంబర్ 1న హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పుట్టింది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం వచ్చింది. ఆనాటి నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకాలు ఒకచోట పెట్టి పదిమంది కూర్చుని చదవడమే సర్కారుకు అనుమానంగా ఉండేది. సభ పెట్టుకోవాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలనే గస్తీ నిషాన్ 53 ఉత్తర్వు మెడ మీద ఉండేది. 1938లో దేశోద్ధారక గ్రంథమాల మొదలుపెట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మాడు. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్న చిన్నగూడూరు బిడ్డ దాశరథి కృష్ణమాచార్య, ఆళ్వారుస్వామి నిజామాబాద్ జైల్లో కలిసి ఉన్నారు. పుస్తకం మోసినవాడూ, కవిత రాసినవాడూ ఒకే జైలు గోడల మధ్య ఉన్న కాలం అది. ఆనాటి సర్కారు దృష్టిలో తకరారు పెట్టే పాఠకులు వాళ్లే. అందుకే ఎవరినైనా "నువ్వు ఇక రావొద్దు" అనేముందు, ఈ చోట ఆ మాట ఎంత బరువైనదో ఒక్క క్షణం ఆలోచించమంటాను.

లైబ్రేరియన్‌కే ఇన్ని చెబుతున్నాను గానీ, ఆ మనిషి పరిస్థితి ఏమిటి? చాలా శాఖల్లో ఒక్కరే ఉంటారు. తాళం తీసేదీ వారే, ఊడ్పించేదీ వారే, రిజిస్టర్ రాసేదీ వారే, కొట్లాట విడదీసేదీ వారే. కొన్నిచోట్ల ఒక్కరికే రెండు శాఖల బాధ్యత. సాయంత్రం చీకటి పడ్డాక, హాల్లో యాభై మంది ఉండగా, తాగినవాడు గుమ్మంలో నిలబడితే, ఒంటరిగా ఉన్న ఆ మేడం ఏ ఉపాయం వాడాలి? ధైర్యంగా ఉండమని మనం బయటి నుంచి చెప్పడం న్యాయం కాదు. సర్దిచెప్పడంలో ఎంత నేర్పు ఉన్నా, రెండో మనిషి లేకపోతే అది నిలబడదు. లైబ్రేరియన్ కూడా మనిషే, రోజంతా ఓపిక పట్టి సాయంత్రానికి ఒక అమాయకుడి మీద గొంతు చేసుకునే రోజులు వారికీ వస్తాయి. గొడవ జరిగాక పదినిమిషాలు బయట నిలబడి ఊపిరి పీల్చుకోవడానికి ఆ కుర్చీలో కూర్చునే ఇంకొకరు ఉండాలి.

దీనికి డబ్బు ఎక్కడిదంటారా? మనమే కడుతున్నాం. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. పంచాయతీలు, మున్సిపాలిటీలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. అది సరిగా జమ కాక బకాయిలు పడటం చాలా జిల్లాల్లో పాత కథే. ఇంటి పన్ను రసీదు ఈసారి చేతికొచ్చినప్పుడు ఆ పద్దు ఎంతో చూడండి. మీ ఊరి పంచాయతీ, మున్సిపాలిటీ ఆ డబ్బు సంస్థకు కట్టిందా అని అడగండి. సమాచార హక్కు చట్టం కింద అడిగితే లెక్క చెప్పాల్సిందే. ఆ డబ్బుతో ముందు ఏం కావాలో కూడా సంస్థకు రాసి ఇవ్వండి. నా జాబితాలో పై వరసలో సాయంత్రం పూట కౌంటర్ దగ్గర రెండో మనిషి. ఆ తర్వాత పేపరు చదివేవాళ్లకు, పరీక్షలకు చదివేవాళ్లకు మధ్య ఒక గోడ, తలుపుతో సహా. ఆడపిల్లలకు నీళ్లొచ్చే బాత్రూం, బయటి గేటు దాకా లైటు. ఆ తర్వాత ఇరవై కుర్చీలు, నాలుగు ఫ్యాన్లు, గోడ పొడవునా ప్లగ్గులు. మీ జాబితాలో ఏముంటాయో రాసి, పది మంది సంతకాలతో ఈ వారమే ఇచ్చి రండి.